గాలి ఆరని రోజు

ఎనిమిది మంది కూర్చునే భోజనాల బల్ల మీద పల్చటి మజ్జిగ పోసినట్టు తెల్లటి పొర తేలింది. పెద్దమేస్త్రీ చేతిలోని స్ప్రే గన్ను దించి, మూతికి కట్టుకున్న గుడ్డను గడ్డం కిందికి లాక్కుని, పాలిషక్క వైపు చూశాడు. ఆ చూపుతోనే ఆమెకు అర్థమైపోయింది, ఈ తెలుపు తన మెడకు చుట్టుకోబోతోందని.

ఆ ఫర్నిచర్ కార్ఖానాలో ఆమెను అందరూ పాలిషక్క అంటారు. పేరుకు పాలిషక్కే గాని పాలిషులో చివరి పూత ఎన్నడూ ఆమె చేతికి రాలేదు. చెక్క పగుళ్ళకు లప్పం పెట్టడం, ఉప్పుకాగితంతో రుద్దడం, రంగు పట్టించడం ఆమె వంతు. ఆ రంగు మీద అద్దంలా మెరిసే లక్కరు పూత గన్నుతో కొట్టడం పెద్దమేస్త్రీ వంతు. పదకొండేళ్ళుగా ఇదే వరస. వండింది ఒకరైతే వడ్డించినవాళ్ళకు పేరొచ్చినట్టు, బల్లను నిమిరి మెచ్చుకున్న ప్రతివాళ్ళూ మేస్త్రీ భుజం తట్టి వెళ్ళేవాళ్ళు. ఆమె దానికి ఎప్పుడూ నొచ్చుకోలేదు. అసలు ఆ సంగతి ఆలోచించేంత తీరికే ఉండేది కాదు.

"రంగు ఆరకముందే నాకు అప్పజెప్పావు. తడి లోపలే ఉండిపోయింది" అన్నాడు మేస్త్రీ, కార్ఖానా అంతటికీ వినబడేలా.

రంగు వేసింది శనివారం పొద్దున. ఇవాళ సోమవారం. ఆ మాట ఆమె గొంతు దాకా వచ్చింది. కానీ ఆ పని చివర్లో బల్ల రెండు కాళ్ళకు రంగు కాస్త హడావిడిగా పట్టించిన మాట కూడా గుర్తొచ్చింది. తనే తొందరపడిందేమో. ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న మనిషి ఊరికే అంటాడా? ఆ ఒక్క అనుమానంతో నోట్లో మాట నోట్లోనే కరిగిపోయింది.

యజమాని అద్దాల గదిలోంచి వచ్చి బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. మనిషి చెడ్డవాడు కాదు, కాకపోతే ముందు వినబడిన మాటే ఆయనకు నిజం. బల్లను చెక్క దాకా గీకించి మళ్ళీ మొదలుపెట్టమని మేస్త్రీకి చెప్పాడు. ఆమెతో మాత్రం కళ్ళు కలపకుండా, తాను కబురు చేసేదాకా ఇంటి దగ్గరే ఉండమన్నాడు. ఆమె వేళ్ళకంటిన రంగును థిన్నరుతో కడుక్కుని, అన్నం గిన్నె సంచిలో పెట్టుకుని, ముసురులో తడుస్తూ ఇంటికి నడిచింది.

రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. వెనక రేకు కప్పిన వరండా. భర్త లారీ మీద వెళితే పదిహేను రోజులకుగాని రాడు. ఇంట్లో ఉండేది తనూ, అత్తగారూ, కూతురూ. గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చున్న అత్తగారు కోడల్ని చూసి, ఇంత పెందలాడే వచ్చావేం, వానకు కార్ఖానా కొట్టుకుపోయిందా అని అడిగింది. సంగతి విని, కాసేపు దవడ ఆడించింది.

"ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట" అంది. "నువ్వు మద్దెలవయ్యావు, అంతే."

కోడలికి నవ్వు రాలేదు. బట్టలు మార్చుకుని వెనక వరండాలోకి వెళ్ళి, ఏం చెయ్యాలో తోచక నిలబడిపోయింది. పదకొండేళ్ళలో పట్టపగలు ఇంట్లో ఖాళీ చేతులతో నిలబడడం అదే మొదటిసారి.

వరండా మూల గోడకు ఆనించి, పాత దుప్పటి కప్పి ఉంది కూతురి గిటారు. గిటారంటే ఇంకా గిటారు కాలేదు, ఒంటి వరకే తయారైంది. కూతురు వడ్రంగం నేర్పే కాలేజీలో రెండో ఏడు చదువుతోంది. పాత సామాన్ల కొట్లో అల్మారా తలుపు ఒకటి కొని, దాన్ని రెండు పలకలుగా కోసి, అతికించి, కాలేజీ యంత్రాల మీద రెండు నెలలుగా చెక్కుతోంది. పై నెలలో ముగ్గురు స్నేహితురాళ్ళతో కలిసి కాలేజీ హాల్లో వాయించాలని దాని పట్టుదల. ఆ పిల్లను నానమ్మ పిడుగు అని పిలుస్తుంది. పిడుగు చేసే పనుల్లో ఇదొకటి అనుకుందే గాని, తల్లి ఇంతవరకూ ఆ చెక్కను చేతిలోకి తీసుకుని చూడలేదు.

ఇప్పుడు దుప్పటి తీసి ఒళ్ళో పెట్టుకుంది. బరువుగా ఉంది. మీద రెండు కొమ్ములు, మధ్యలో సన్నటి నడుము, తీగల సామాను కూర్చోవడానికి తవ్విన గుంటలు. బొటనవేలు అంచు వెంట జారనిచ్చింది. కళ్ళు మూసుకుని మళ్ళీ ఒకసారి జారనిచ్చింది. అల్మారా తలుపుగా ఉన్నప్పుడు ఏ పెయింటు కింద దాక్కుందో గాని, చెక్క లోపలి గీతలు నీటి అలల్లా ఒకదాని వెనక ఒకటి కదిలిపోతున్నాయి.

సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన కూతురు తల్లిని ఆ వేళప్పుడు ఇంట్లో చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఈ అంచు ఎవరు రుద్దారే?" అని అడిగింది తల్లి.

"నేనే."

"ఎన్నో నంబరు కాగితంతో ఆపావు?"

"నూట ఇరవై."

"అదీ సంగతి. చేత్తో తడిమితే నున్నగానే ఉంటుంది, రంగు పడ్డాక చూడు, గీతలన్నీ బయటికొచ్చి వెక్కిరిస్తాయి."

కూతురు సంచిలోంచి నల్ల పెయింటు స్ప్రే డబ్బా తీసి చూపించింది. ఆదివారం కొట్టేద్దామని కొనుక్కుందట. తల్లి ఆ డబ్బాను అందుకుని, అత్తగారి మందుల బీరువా మీద, ఎవరికీ అందనంత ఎత్తున పెట్టేసింది. ఇంత మంచి చెక్కకు పెయింటు కొట్టడమంటే చక్కని మొహానికి మసి పూయడమేనంది. ఆ మాటతో పని ఎవరిదో తేలిపోయింది. మొదటినుంచి చివరిదాకా, ఆఖరి పూతతో సహా.

*

మంగళవారం పొద్దున్నే మొదలుపెట్టింది. ముందు తడిగుడ్డతో చెక్కనంతా తుడిచింది. చెక్కను ఎందుకు తడుపుతున్నావని కూతురు అడిగితే, నూగు లేవడానికంది. మొదటిసారి తడి తగలగానే చెక్క మీద కంటికి కనబడని నూగు లేస్తుంది. దాన్ని ఇప్పుడే లేపి, ఆరాక రుద్దేస్తే, తర్వాత రంగు వేసేటప్పుడు మళ్ళీ లేవదు. ఆరిన చెక్కను ఆమె నూట ఎనభైతో, తర్వాత ఇంకా సన్నటి రెండు వందల ఇరవైతో, ఆపైన మూడు వందల ఇరవైతో రుద్దింది. ఎప్పుడూ గీత వెంటే, అడ్డంగా ఒక్కసారి కూడా పోకుండా. కూతురు ఆ వారమంతా కాలేజీ మానేసి పక్కనే కూర్చుంది. వద్దన్నా వినలేదు.

అత్తగారు కుర్చీతో సహా వరండాలోకి మకాం మార్చి, ఈ వస్తువు వాలకం గురించి తన అభిప్రాయం చెప్పింది. ఎద్దుకూ మద్దెలకూ పుట్టినట్టుందట. పైగా బొజ్జ లేదు. లోపల డొల్ల లేనిదే ఏ వాద్యమైనా ఎలా మోగుతుంది? ఇది కరెంటుతో మోగుతుందని మనవరాలు చెప్పింది.

"మరి కరెంటు పోతే?"

"మూగబోతుంది నానమ్మా."

"ఆ గుణం నీకూ ఉంటే ఎంత బాగుండేదే" అంది ముసలావిడ.

మొదట నలుపు. స్పిరిటులో కలిపిన రంగులో గుడ్డ ముంచి, పిండి, చెక్క మీద ఒక చివరనుంచి రెండో చివరకు తుడుచుకుంటూ పోయింది. రంగు పడేకొద్దీ చెక్క బొగ్గులా అయిపోతుంటే కూతురి మొహం వాడిపోయింది. ఇంతా చేసి నలుపే అయితే ఆ డబ్బా ఏం పాపం చేసిందని గొణిగింది. తల్లి కళ్ళు మరో చోట ఉన్నాయి. చెక్క నడుమ, రెండు పలకలూ అతికిన చోట, వేలెడంత మేర రంగు పట్టకుండా పాలిపోయి ఉంది. అక్కడ జిగురు కారి ఆరిపోయింది. జిగురు తాగిన చెక్క ఇక రంగు తాగదు.

కూతురు వంగి చూసి, అది పెద్ద విషయం కాదంది. సరిగ్గా ఆ చోటుమీదే తీగలు బిగించే ఇనప పలక వస్తుందట. చూసేవాళ్ళకు ఎవరికీ కనబడదట.

"చూసేవాళ్ళకు కనబడదు. రుద్దినవాళ్ళకు కనబడుతుంది" అంది తల్లి.

బ్లేడును చెక్కకు నిటారుగా పట్టి, ఉల్లిపొరలాంటి రజను లేచేలా, ఆ జిగురును గీకడానికి ఇద్దరికీ గంట పట్టింది. ముందు తల్లి గీకింది, తర్వాత బ్లేడు కూతురి చేతికిచ్చి, మణికట్టు పట్టుకుని వాలు సరిచేసింది. మళ్ళీ నలుపు పట్టించినప్పుడు మచ్చ లేదు. అతుకు ఎక్కడో కూడా వెతుక్కోవలసి వచ్చింది.

బుధవారం ఆ నలుపంతా రుద్దేసింది. పైపై నలుపు పోయి, గీతల లోతుల్లో ఇంకింది మాత్రం మిగిలింది. తెల్లటి చెక్క మీద సన్నటి కాటుక గీతలు. అప్పుడు నీలం కలిపింది, అందులో చిటికెడు ఆకుపచ్చ. తీసిపెట్టిన చిన్న చెక్కముక్క మీద ఒకసారి వేసి చూసుకుంది. ఆ ముక్క గిటారు కోయగా మిగిలింది. మొదటినుంచీ గిటారుకు ఏది చేస్తే దానికీ అదే చేస్తూ వస్తోంది. రంగు బాగుందనిపించాక గిటారు మీదికి వెళ్ళింది. గుడ్డ ఒక్కసారి అటునుంచి ఇటు వచ్చేసరికి చెక్క ఒళ్ళంతా నెమలికంఠం రంగు పరుచుకుంది. తలుపు దగ్గరకు తీసుకెళ్ళి వెలుతురుకు అటూ ఇటూ తిప్పితే కాటుక గీతలు లోపల కదిలాయి.

కూతురు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అత్తగారు కుర్చీలోంచి లేచి, కళ్ళజోడు సరిచేసుకుని, దగ్గరకొచ్చి చూసి, ఎద్దు మాట వెనక్కి తీసుకుంటున్నానంది.

గురువారమంతా దాన్ని ముట్టుకోలేదు. ఇంకొకప్పుడైతే అన్ని గంటలు ఆరనిచ్చేది కాదేమో గాని, మేస్త్రీ మాట చెవిలో ముల్లులా ఉంది. రంగు ఆరకముందే అప్పజెప్పావు. శుక్రవారం పొద్దున తెల్ల గుడ్డ ఒకటి తీసుకుని రంగు మీద గట్టిగా తుడిచింది. గుడ్డకు మరక అంటలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది, స్పిరిటు వాసన లేదు. ఎముకలా ఆరింది.

ఇంట్లో గన్ను లేదు, గాలి యంత్రం లేదు. ఉన్నది గుడ్డ. దూదిని మెత్తటి పాత గుడ్డలో చుట్టి, కోడిగుడ్డంత ఉండ చేసుకుంది. కార్ఖానాలో వాడే రకం లక్కరే ఒక డబ్బా తెప్పించి, థిన్నరుతో నీళ్ళలా పల్చన చేసింది. ఉండను అందులో అద్ది, కాగితం మీద ఒత్తి, చెక్క మీద విమానం దిగినట్టు దించి, ఆగకుండా లాక్కుపోయి, అవతలి అంచున గాల్లోకి లేపేసింది. మొదటి పూతలో చెయ్యి వెనక్కి రాకూడదు, వస్తే కింది రంగు లేచి గుడ్డకు అంటుకుంటుంది. పూతకూ పూతకూ మధ్య గంట విరామం. మూడు పూతలయ్యేసరికి మధ్యాహ్నమైంది. నీలం లోతు పెరిగి, నూతిలోకి తొంగి చూసినట్టుంది.

భోజనాలప్పుడు మబ్బు పట్టింది. నాలుగో పూత వేయబోయే వేళకు రేకు మీద వాన మోత. వరండాలోకి జల్లు రాకుండా పరదా దించి, పని ఆపకుండా నాలుగో పూత వేసింది. ఉండను గిన్నెలో పెట్టి వెనక్కి తిరిగేలోగా కూతురు గట్టిగా పిలిచింది.

నీలం మీద తెల్లటి పొర. పల్చటి మజ్జిగ పోసినట్టు.

ఆమె నేల మీద చతికిలబడింది. అయితే మేస్త్రీ అన్నదే నిజమన్నమాట, లోపం నా చేతిలోనే ఉందన్నమాట అనుకుంది. కూతురు ఏడుపు దిగమింగుకుంటూ, అంతా గీకేయాలా అమ్మా అని అడుగుతోంది. తల్లి కళ్ళు గిన్నె పక్కన పడివున్న తెల్ల గుడ్డ మీదికి పోయాయి. పొద్దున రంగు తుడిచిన గుడ్డ అది. మరక లేని గుడ్డ.

రంగు ఆరింది. అందులో అనుమానం లేదు. పొద్దున మూడు పూతలు వేస్తే నీళ్ళలా తేటగా ఉన్నాయి. రంగు తడిగా ఉంటే ఆ మూడూ తెల్లబడాలి కదా? మరి పొద్దుటికీ ఇప్పటికీ ఏం మారింది?

వేళ్ళకంటిన లక్కరు తుడుచుకోవడానికి థిన్నరు పోసుకుంది. వేళ్ళు జివ్వుమని చల్లబడ్డాయి. రోజుకు పదిసార్లు తగిలే చలవే అది, పదకొండేళ్ళుగా తెలిసిన చలవే. కానీ ఆ క్షణాన అత్తగారు ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళ సీసాను కుర్చీ పక్కన పెట్టుకుంటోంది. సీసా ఒంటినిండా చెమట. ఆమె ఆ సీసా వైపు, తన వేళ్ళ వైపు, వాన వైపు మార్చి మార్చి చూసింది.

థిన్నరు ఆరేటప్పుడు పూత చల్లబడుతుంది. చల్లటిదాని మీద వానగాలిలోని తడి చేరుతుంది, సీసా మీద చేరినట్టే. ఆ తడే పూతలో చిక్కుకుని తెల్లగా కనబడుతోంది. సోమవారం కార్ఖానాలో మేస్త్రీ గన్ను పట్టినప్పుడు తలుపులన్నీ బార్లా తీసి ఉన్నాయి. బయట ముసురు.

ఆమె లేచి నిలబడి కూతుర్ని చెక్కముక్క తెమ్మంది. దాని మీద ఒక సగానికి, ఆ వానలోనే, పూత వేసింది. వంద లెక్కపెట్టేలోగా తెల్లబడింది. రెండో సగాన్ని ముట్టుకోలేదు. ఆ సాయంత్రం ఆమె అన్నం రెండుసార్లు వడ్డించుకుంది. అత్తగారు ఆ సంగతి గమనించి, ఎవరికీ చెప్పకుండా తనలో తనే నవ్వుకుంది.

శనివారం తెరిపిచ్చింది. పదకొండు గంటలకు ఎండ చుర్రుమన్నాక, ముక్క మీద మిగిలిన సగానికి పూత వేసింది. తేటగా, గాజులా నిలిచింది. అప్పుడు కొత్త ఉండ ఒకటి చేసి, థిన్నరులో బొట్టంత లక్కరు కలిపి, తెల్లబడిన సగం మీద ఒక్కసారి తేలిగ్గా నడిపింది. అద్దం మీది ఆవిరి పోయినట్టు తెలుపు పోయింది. అంతా పోనివ్వకుండా రెండు వేళ్ళ వెడల్పున తెల్లచారను అలాగే ఉంచింది. తర్వాత గిటారును ఎండకు తెచ్చి, అదే ఉండను కొమ్ము నుంచి నడుము మీదుగా అడుగు దాకా నడిపింది. నీలం మళ్ళీ నూతిలోంచి పైకి వచ్చింది.

గీకనక్కర్లేదు. అసలు గీకనే అక్కర్లేదు.

*

సోమవారం పదిన్నరకు ఆమె కార్ఖానాకు వెళ్ళింది. ఎవరూ కబురు చేయలేదు. చెక్కముక్కను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. దారిపొడుగునా, నలుగురి ముందూ మేస్త్రీతో అనాల్సిన మాటలు కూర్చుకుంటూ వెళ్ళింది. మంచి పదునైన మాటలు. రాత్రి అత్తగారు కూడా రెండు మూడు అందించింది.

లోపల అడుగు పెడుతూనే ఆ బల్ల కనబడింది. గీకి, రంగేసి, శనివారం పొద్దున్నే, ఇంకా తెరిపివ్వకముందే, మళ్ళీ పూత కొట్టారట, అదే తెల్లపొర. బల్ల పక్కన ఇరవై ఏళ్ళ కొత్తమ్మాయి నిలబడి ఉంది. పాలిషక్క స్థానంలో తెచ్చుకున్న మనిషి. రంగంటిన వేళ్ళను వెనక్కి దాచుకుంది. యజమాని గడియారం చూసుకుంటున్నాడు, బల్ల కొన్నవాళ్ళు సాయంత్రం బండి పంపిస్తారు.

"రంగు ఆరకముందే నాకు అప్పజెప్పావు" అంటున్నాడు పెద్దమేస్త్రీ ఆ పిల్లతో. "తడి లోపలే ఉండిపోయింది."

అక్షరం పొల్లుపోకుండా అదే మాట. ఆ పిల్ల తల వంచుకుంది. రంగు పట్టించడంలో తను ఎక్కడ తొందరపడిందోనని లోలోపల వెతుక్కుంటోందని, ఆ వంచిన మెడను చూస్తే పాలిషక్కకు తెలిసిపోయింది. దారిలో కూర్చుకున్న మాటలన్నీ ఒక్కసారిగా పనికిరానివైపోయాయి. అవన్నీ తన కోసం కూర్చుకున్నవి.

నేరుగా వెళ్ళి ఆ పిల్ల పక్కన నిలబడింది.

"రంగు ఆరింది మేస్త్రీ గారూ" అంది. గొంతు పెంచలేదు. "గాలే ఆరలేదు."

సంచిలోంచి చెక్కముక్క తీసి, గుడ్డ విప్పి, బల్ల మీద పెట్టింది. ఈ సగం వానలో వేసింది, ఈ సగం ఎండలో వేసింది, రంగు ఒకటే, లక్కరు ఒకటే, చెయ్యి ఒకటే అని చెప్పింది. మధ్యలోని తెల్లచారను వేలితో చూపించింది. అది వదిలేసిన తెలుపు, దాని పక్కది పోగొట్టిన తెలుపు. థిన్నరు చలవ సంగతి, సీసా చెమట సంగతి నాలుగు ముక్కల్లో చెప్పింది. యజమాని ముక్క వైపు, మేస్త్రీ వైపు చూశాడు. దూరంగా రంపం పని చేస్తున్నవాళ్ళు కూడా యంత్రం ఆపేశారు.

మేస్త్రీ ముక్కను తీసుకున్నాడు. కోపంగా విసిరేస్తాడనుకుంది. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి, కంటికి దగ్గరగా తెచ్చుకుని, ఏటవాలుగా వంచి చూశాడు. బొటనవేలితో నిమిరాడు. ఒకసారి, రెండుసార్లు. ముప్ఫై ఏళ్ళు పూతలతో బతికిన వేలు అది. మనిషి అబద్ధమాడినా ఆ వేలు ఆడలేదు.

"ఎన్ని పూతలు?"

"నాలుగు. ఇది మచ్చు, అసలుదానికి ఇంకా పది వెయ్యాలి."

"గన్ను ఎక్కడిది?"

"గన్ను లేదు. గుడ్డ."

ఆయన ముక్కను జాగ్రత్తగా, తెల్లచార పైకి కనబడేలా బల్ల మీద పెట్టాడు. మూతికి కట్టుకున్న గుడ్డను పూర్తిగా విప్పేసి జేబులో కుక్కుకున్నాడు. తర్వాత యజమాని వైపు తిరిగాడు.

"ఆ సోమవారం కూడా రంగు ఆరే ఉంది సార్. నేను తడిమి చూశాకే గన్ను పట్టాను" అన్నాడు. ముక్క వైపు చూస్తూ, "తెలుపు ఎందుకొచ్చిందో నాకు తెలియలేదు. తెలియలేదని చెప్పలేకపోయాను" అన్నాడు.

అంతటి మనిషి అంత చిన్న గొంతుతో మాట్లాడడం పాలిషక్క ఎప్పుడూ వినలేదు. గెలిచినట్టు అనిపించాలి గాని, ఆమెకు అలా అనిపించలేదు. ఏదో బరువు దించి పక్కన పెట్టినట్టు, ఇక పని మొదలుపెట్టవచ్చుననిపించింది. బయట ఎండ బాగా కాస్తోంది. తలుపులన్నీ ఒకసారి తెరిపించి, లోపలి చెమ్మ పోనిచ్చింది. కొత్తమ్మాయిని పిలిచి దూది, పాత గుడ్డ తెమ్మంది. ఉండ ఎలా చుట్టాలో చూపించి, రెండోది ఆ పిల్ల చేతనే చుట్టించింది. బల్ల ఈ చివర నిలబడి, ఉండను దించి, ఆగకుండా, పరుగు కాని నడకతో ఆ చివరదాకా నడిచింది. ఆమె వెనకే ఎర్రటి చెక్క రంగు దారి తెరుచుకుంటూ వచ్చింది. మళ్ళీ ఇటు. మళ్ళీ అటు. పక్కనే నడుస్తూ మేస్త్రీ గిన్నె పట్టుకున్నాడు. ఆయనను ఎవరూ పట్టుకోమనలేదు.

పన్నెండు గంటలకు బల్ల మీద తెలుపన్నది లేదు.

యజమాని చేతులు రుద్దుకుంటూ, జరిగిందేదో జరిగిపోయిందనీ, రేపటి నుంచి రమ్మనీ, కావాలంటే గన్ను కూడా నేర్చుకోమనీ అన్నాడు. మేస్త్రీ అడ్డొచ్చి, నేర్చుకోవడం కాదు సార్, చివరి పూతలకు ఇకమీద ఇద్దరం ఉంటాం అన్నాడు.

"పోయిన వారం జీతం కోయకూడదు. ఈ పిల్లను తీసెయ్యకూడదు" అంది పాలిషక్క. యజమాని తలూపాడు. "రేపు మాత్రం రాలేను సార్. ఎండ ఉండగా ఇంట్లో నాకు ఇంకా పది పూతలున్నాయి. గురువారం వస్తాను."

పదకొండేళ్ళలో ఆమె ఆయనకు చెప్పిన మొదటి తేదీ అది. ఆయన సరేనన్నాడు.

*

పద్నాలుగు పూతలూ పూర్తయ్యాక గిటారును వరండాలో తీగకు వేలాడదీసి, రెండు వారాల పాటు ఎవరినీ వేలు పెట్టనివ్వలేదు. కూతురు రోజుకు పదిసార్లు కిందినుంచి చూసి నిట్టూర్చేది. ఆ తర్వాత ఆదివారం తల్లి దాన్ని దించి, సబ్బునీళ్ళలో తడిపిన వెయ్యి నంబరు కాగితంతో, ఆపైన రెండు వేల నంబరుతో రుద్దింది. మెరుపంతా చచ్చి పొగమంచులా అయింది. మెరుగు పెట్టే ముద్ద అద్దిన దూదితో చిన్న చిన్న సున్నాలు చుడుతూ పోతే, ఆ పొగమంచులోంచి నీలం ముక్క ముక్కగా లేచింది. ముగిసేసరికి వరండా రేకు, తీగమీది బట్టలు, అత్తగారి కళ్ళజోడు అందులో కనబడ్డాయి.

ఆ రోజే కూతురు పాత గిటారు మెడ ఒకటి దానికి బిగించి, వైర్లు కలిపి, తీగలు కట్టింది. మధ్యాహ్నానికి ముగ్గురు స్నేహితురాళ్ళు వచ్చారు. గది నిండా పిల్లలు, నేల మీద చిన్న స్పీకరు డబ్బా. ఒకమ్మాయి గిటారును చూసి, ఏ కంపెనీది, ఎంతకు కొన్నావని అడిగింది.

"చెక్క నాది. రంగు, పూత మా అమ్మవి" అంది కూతురు.

ముగ్గురూ తల తిప్పి ఆమె వైపు చూశారు. కార్ఖానాలో సామాను కొన్నవాళ్ళ ముందు పెట్టేటప్పుడు మనుషుల వెనక్కి జరిగే అలవాటున్న ఆమె, ఈసారి జరగలేదు. కుర్చీ ముందుకు లాక్కుని, కూతురికి ఎదురుగా, కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. మొదటి తీగ మీటగానే అత్తగారు ఉలిక్కిపడి, డొల్ల లేకపోయినా గొంతుందే దీనికి అని ఒప్పుకుంది.

గంటసేపు వాయించారు. మధ్యలో ఆగి గిటారును తిప్పి చూసుకున్న కూతురు, పాలిపోయిన మొహంతో తల్లి దగ్గరకు వచ్చింది. వెనక వైపు, ప్యాంటు గుండీ ఒరుసుకున్న చోట, గోరంత పొడవున గీత పడింది. ఎన్ని రోజుల పని అమ్మా, మొదటి రోజే, అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

తల్లి దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. కిటికీ వైపు తిప్పి, ఏటవాలుగా వంచి చూసింది. బొటనవేలు గీత మీద అటూ ఇటూ జారనిచ్చింది.

"పూతకు తగిలింది, అంతే. రంగు దాకా పోలేదు" అంది. గిటారును కూతురి చేతుల్లో పెట్టింది. "వాయించు."